వాక్యంలో కర్త ఎవరు? ఉపాధ్యాయుల సాంకేతిక లక్ష్యాలపై ఒక ఆన్‌లైన్ శిక్షణ సమీక్ష

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే నేను గత విద్యా సంవత్సరంలో ఉపాధ్యాయుల కోసం నడిచే ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరి, 12 వారాలూ పూర్తి చేశాను. తరగతి గదిలో సాంకేతికతను వాడే నైపుణ్యం తనలోనూ పిల్లల్లోనూ పెరగడానికి ఉపాధ్యాయుడు ఏ లక్ష్యం పెట్టుకోవాలి, దాన్ని ఎలా రాసుకోవాలి, అది నెరవేరిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నదే అక్కడి పాఠం. ఇలాంటి సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, వాటి అమరిక కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అందుకని సంస్థ పేరు చెప్పకుండా, చేరబోయే ఉపాధ్యాయులు ఏమి ఆశించవచ్చో, ఎక్కడ జాగ్రత్త పడాలో రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. మార్గదర్శిగా ఉండే మెంటర్‌తో జరిగే సంభాషణల కోసం, తోటి ఉపాధ్యాయుల పాఠాలు చూసే అవకాశం కోసం ఈ శిక్షణలో తప్పక చేరవచ్చు. శిక్షణ నడిచే ఆన్‌లైన్ వేదికలోని పాయింట్లు, బ్యాడ్జీలు, చివర ఇచ్చే సర్టిఫికెట్ చూసి చేరేవారికి మాత్రం మిగిలేది తక్కువ.

ఇలాంటి శిక్షణ అవసరం ఎంత ఉందో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 2018లో ఉపాధ్యాయులపై జరిపిన టాలిస్ అనే అంతర్జాతీయ సర్వే చూస్తే తెలుస్తుంది. ఓఈసీడీ దేశాల సగటున, ఉపాధ్యాయ విద్యలో భాగంగా బోధనలో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ల సాంకేతికత) వాడకం నేర్చుకున్నామని చెప్పిన ఉపాధ్యాయులు 56 శాతం కాగా, ఆ పనికి తాము బాగా సిద్ధమయ్యామని భావించినవారు 43 శాతం మాత్రమే. ఆ ఎడం నాకు పరిచయమే. పదిహేనేళ్ల ఉద్యోగంలో నేను హాజరైన వర్క్‌షాపుల్లో ఒకరోజు ఇంటరాక్టివ్ బోర్డు చూపించారు, ఇంకొకరోజు క్విజ్ యాప్ చూపించారు, మరోసారి వీడియో ఎడిటింగ్ నేర్పారు. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను. మర్నాడు తరగతిలోకి వెళ్లాక ఆ రోజు చెప్పవలసిన పాఠానికీ, నోట్‌బుక్‌లో రాసుకున్న మెట్లకూ పొంతన కుదిరేది కాదు. సాధనం తెలిసింది గాని, దాన్ని ఏ పిల్లవాడి ఏ ఇబ్బందికి వాడాలో తెలియలేదు. ఈ శిక్షణ ఆ లోటు తీరుస్తానని చెప్పుకుంది గనుకనే చేరాను.

మొదటి వారం స్వీయ మూల్యాంకన ప్రశ్నావళి పూర్తి చేయాలి, రెండో వారం ఒక లక్ష్యం రాసి ఇవ్వాలి. మూడో వారం నుంచి పదకొండో వారం వరకు వారం వారం చిన్న వీడియో పాఠాలు, రెండు వారాలకొకసారి మెంటర్‌తో అరగంట వీడియో సంభాషణ, నలుగురేసి ఉపాధ్యాయుల జట్టులో ఒకరి పాఠం ఒకరు చూడడం ఉంటాయి. చివరి వారం పిల్లల పనితో కూడిన పోర్ట్‌ఫోలియో సమర్పించాలి. వారానికి మూడు గంటలు చాలని ప్రకటనలో ఉంది. నాకు నాలుగున్నర గంటలు పట్టింది, పోర్ట్‌ఫోలియో వారంలో అంతకు రెట్టింపు పట్టింది. పరీక్షలు దగ్గరపడే నెలల్లో చేరదలచినవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

స్వీయ మూల్యాంకన ప్రశ్నావళిని రెండు ప్రసిద్ధ చట్రాల ఆధారంగా తయారు చేశారు. ఒకటి ఉపాధ్యాయుల ఐసీటీ సామర్థ్యాలపై యునెస్కో రూపొందించినది. 2008లో మొదటిసారి, 2011లో రెండోసారి, 2018లో మూడోసారి వెలువడిన ఈ పత్రం ఉపాధ్యాయుడి పనిని ఆరు అంశాలుగా విభజించి, ఒక్కో అంశానికి జ్ఞానార్జన, జ్ఞానాన్ని లోతు చేసుకోవడం, జ్ఞాన సృజన అనే మూడు స్థాయిలు పెట్టి, మొత్తం 18 సామర్థ్యాలను వివరిస్తుంది. రెండోది యూరోపియన్ కమిషన్ సంయుక్త పరిశోధన కేంద్రం 2017లో ప్రచురించిన డిజ్‌కాంప్‌ఎడ్యు. అందులో ఆరు రంగాల కింద 22 సామర్థ్యాలు, భాషా పరీక్షల్లో ఉన్నట్టే ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు ఉంటాయి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. శిక్షణలో చేరే వీలు లేనివారు కూడా వాటిని దించుకుని చదవాలని నా సలహా. ముఖ్యంగా డిజ్‌కాంప్‌ఎడ్యు ఆరో రంగం చదవాలి. మొదటి అయిదు రంగాల్లో ఎక్కువ భాగం ఉపాధ్యాయుడు తానేమి చేయగలడన్నది చెబుతూ వచ్చి, ఆరో రంగంలో సమాచారాన్ని వెతికి నిగ్గు తేల్చడం, డిజిటల్ సాధనాలతో ఇతరులతో పనిచేయడం, సొంతంగా ఏదైనా తయారు చేయడం, బాధ్యతగా వాడడం, సమస్యలు పరిష్కరించడం అనే అయిదింటిని పిల్లల చేత చేయించగలగడం గురించి మాట్లాడుతుంది. లక్ష్యం రాయబోయే ఉపాధ్యాయుడు మొదట తెరవవలసింది ఆ పేజీలే.

ఇంత మంచి ఆధారాలు ఉన్నా ప్రశ్నావళి మాత్రం నిరాశపరిచింది. దాదాపు ప్రతి ప్రశ్నా "ఫలానా పని చేయగలనన్న నమ్మకం మీకు ఎంత ఉంది?" అని 1 నుంచి 5 వరకు అంకె వేయమంటుంది. స్ప్రెడ్‌షీట్ వాడకానికి నేను 5 వేసుకున్నాను, అందులో అబద్ధం లేదు. మార్కుల జాబితాలు, హాజరు లెక్కలు ఏళ్ల తరబడి అందులోనే చేస్తున్నాను. అయితే ఆ ఏళ్లలో ఒక్కసారి కూడా పిల్లల చేత స్ప్రెడ్‌షీట్ తెరిపించలేదన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. "గత నెలలో మీ పిల్లలు తాము సేకరించిన అంకెలను స్వయంగా నమోదు చేసి ఏదైనా తేల్చారా? తేల్చి ఉంటే ఏమిటది?" అని అడిగి ఉంటే నేను మొదటి రోజే నిజమైన చోట నిలబడేదాన్ని. నమ్మకాన్ని అడిగే ప్రశ్నలు 60 ఉండేకంటే, జరిగిన పనిని అడిగే ప్రశ్నలు పది ఉంటే మేలు.

లక్ష్యం రాసే ఫారం స్మార్ట్ పద్ధతిలో ఉంది, అంటే లక్ష్యం స్పష్టంగా, కొలవదగ్గదిగా, సాధ్యమయ్యేదిగా, సందర్భానికి తగినదిగా, గడువుతో ఉండాలి. ఆ ఇంగ్లీషు మాటలోని అయిదు అక్షరాలకు అయిదు గళ్లు. జార్జ్ డోరన్ 1981లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు మధ్యలోని 'ఏ' అక్షరానికి అసైనబుల్ అని పేరు పెట్టాడు, అంటే ఆ పని ఎవరు చేస్తారో తేల్చి చెప్పడం. తరవాతి కాలంలో దాని స్థానంలో సాధ్యమయ్యేది అన్న అర్థంలో అచీవబుల్ స్థిరపడింది, ఫారంలో ఉన్నది కూడా అదే. ఎవరు చేస్తారన్న ప్రశ్న అలా జారిపోయింది. నేను రాసిన మొదటి లక్ష్యం ఇది: "ఈ అర్ధ సంవత్సరం ముగిసేలోగా భౌతికశాస్త్ర పాఠాల్లో స్ప్రెడ్‌షీట్‌ను సమర్థంగా ఉపయోగిస్తాను, కనీసం ఆరు పాఠాలకు గ్రాఫ్‌లు తయారు చేస్తాను." స్పష్టత ఉంది, అంకె ఉంది, గడువు ఉంది. వేదిక అయిదు గళ్లకూ ఆకుపచ్చ టిక్కులు పెట్టి, నా ఖాతాలో పాయింట్లు వేసింది.

మొదటి సంభాషణలో మెంటర్ ఆ వాక్యాన్ని బయటికి చదివి, "మేడమ్, ఇందులో కర్త ఎవరండీ?" అని అడిగారు.

"నేనే."

"క్రియ?"

"ఉపయోగిస్తాను, తయారు చేస్తాను."

"మరి పిల్లలు ఎక్కడున్నారు?"

ఆ వాక్యంలో పిల్లలు లేరు. ఆరు గ్రాఫ్‌లు నేనే గీసి ప్రాజెక్టర్ మీద చూపిస్తే లక్ష్యం నూటికి నూరు పాళ్లు నెరవేరుతుంది, పిల్లల్లో ఒక్కరి చెయ్యి కూడా కీబోర్డు మీద పడనక్కర్లేదు. పిల్లలను కర్తలుగా పెట్టి, పక్కన నిలబడి చూసేవారి కంటికి కనిపించే క్రియతో మళ్లీ రాయమన్నారు ఆమె. "అర్థం చేసుకుంటారు", "అవగాహన పెంచుకుంటారు" వంటి క్రియలను పక్కన పెట్టమన్నారు. పాఠ్య ప్రణాళికల్లో అలవాటుగా రాసే ఆ మాటలు లేకుండా రాయడం నేననుకున్నదానికంటే కష్టమైంది. మూడో ప్రయత్నంలో కుదిరింది: "తొమ్మిదో తరగతి పిల్లలు తాము కొలిచిన విలువలను స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేసి, సరిపోలని విలువను గుర్తించి, దానికి కారణం చెబుతారు, ఆ విలువలకు తగిన గ్రాఫ్‌ను ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో రాస్తారు." గడువు పదకొండో వారం. దీని కోసం నేను నేర్చుకోవలసినవి కింద వేరే పంక్తిలో రాసుకున్నాను. నా నైపుణ్యం లక్ష్యానికి సాయపడే పనిగా ఆ పంక్తిలోకి మారింది. ఈ శిక్షణలో అన్నిటికంటే విలువైనది నా మట్టుకు ఆ అరగంటే.

ఆ లక్ష్యాన్ని లోలకం ప్రయోగంతో మొదలుపెట్టాను. దారానికి చిన్న బరువు కట్టి, పొడవు మారుస్తూ, ప్రతి పొడవుకూ 20 డోలనాలకు పట్టే కాలాన్ని మూడేసి సార్లు కొలవడం ఏటా చేయించే పనే. ఈసారి విలువలు స్ప్రెడ్‌షీట్‌లోకి వెళ్లాయి. ఒక జట్టుకు 50 సెంటీమీటర్ల పొడవు దగ్గర వచ్చిన మూడు విలువలు 28.3, 28.5, 29.8 సెకన్లు. మొదటి రెండింటినీ అంకెలుగానే కొట్టిన అమ్మాయి మూడో గడిలో మాత్రం అంకె పక్కన "సె." అని కూడా కొట్టింది. సగటు ఫార్ములా ఇస్తే 28.4 వచ్చింది. పక్కనే కాగితం మీద లెక్క వేస్తున్న అబ్బాయికి 28.9 వచ్చింది. కంప్యూటర్ తప్పు చెప్పదని ఆమె, మూడుసార్లు కూడి చూశానని అతను కాసేపు వాదించుకుని నన్ను పిలిచారు.

అంతకుముందైతే నేనే మౌస్ అందుకుని ఆ అక్షరాలు చెరిపేసి, ముందుకు సాగమనేదాన్ని. లక్ష్యంలో "కారణం చెబుతారు" అని రాసుకున్నాను గనుక చేతులు కట్టుకుని నిలబడి, "మూడు విలువల్లో కంప్యూటర్ ఎన్నిటిని లెక్కలోకి తీసుకుందో కనిపెట్టండి" అన్నాను. ఆ అమ్మాయి ఒక్కో గడిలోని విలువను మార్చి చూసింది. మొదటి రెండు గళ్లలో ఏది మార్చినా సగటు మారుతోంది; మూడో గడిలో ఏ అంకె కొట్టినా, పక్కన అక్షరాలు ఉన్నంతసేపు, సగటు కదలలేదు. అక్షరాలు చేరిన గడిని స్ప్రెడ్‌షీట్ వచనంగా పరిగణిస్తుంది, సగటు ఫార్ములా ఆ గడిని విడిచిపెట్టేస్తుంది, ఏ హెచ్చరికా చేయదు. అక్షరాలు తీసేసరికి 28.9 వచ్చింది. ఆ తరవాత 29.8 మిగతా రెండిటికీ ఎందుకంత ఎడంగా ఉందన్న ప్రశ్న మిగిలింది. అబ్బాయి కాగితం వైపు చూస్తూ, "టీచర్, తేడా 1.4 సెకన్లు. ఒక్క డోలనానికి పట్టే కాలం కూడా అంతే. నేను 21 లెక్కపెట్టి ఉంటాను" అన్నాడు. మళ్లీ కొలిస్తే 28.4 వచ్చింది. యంత్రం ఇచ్చిన జవాబును చేతి లెక్కతో పోల్చి నిలదీయడం, దొరికిన తేడాను పారేయకుండా దాని మూలం వెతకడం నేను రాసుకున్న లక్ష్యంలోని మాటలే. అవి ఒక బల్ల దగ్గర పదిహేను నిమిషాల్లో జరగడం చూశాను.

గ్రాఫ్ దగ్గర ఇంత సులువుగా సాగలేదు. మేం తీసుకున్న పొడవులు 20, 30, 50, 80, 100 సెంటీమీటర్లు. ఆరో వారంలో 8 జట్లలో 5 జట్లు లైన్ చార్ట్ ఎంచుకున్నాయి. స్ప్రెడ్‌షీట్‌లో లైన్ చార్ట్ అడ్డ అక్షం మీది విలువలను పేర్ల మాదిరిగా తీసుకుని సమాన దూరాల్లో పేరుస్తుంది. 20కీ 30కీ మధ్య ఎంత ఎడమో, 50కీ 80కీ మధ్య కూడా అంతే ఎడం. దానివల్ల వంపు తిరగవలసిన రేఖ దాదాపు సరళరేఖలా కనిపించింది. పొడవు, డోలన కాలం అనులోమానుపాతంలో ఉన్నాయని ఆ జట్లు ధీమాగా రాసేశాయి. తమ పట్టికలోనే 50కి 1.42, 100కి 2.01 సెకన్లు ఉన్నాయి, పొడవు రెట్టింపైనా కాలం రెట్టింపు కాలేదు. ఆ రెండు విలువలనూ గ్రాఫ్‌తో పోల్చి చూడమని అడిగాక గాని అనుమానం పుట్టలేదు. స్కాటర్ చార్ట్‌కు మార్చినప్పుడు బిందువులు తమ నిజమైన దూరాల్లో పడి రేఖ వంగింది. రెండు గ్రాఫ్‌లనూ పక్కపక్కన ఉంచి, ఏది ఎందుకు మోసం చేసిందో రాయమన్నాను. "మొదటి గ్రాఫ్‌కు సెంటీమీటర్లు తెలియవు, వరస మాత్రమే తెలుసు" అని ఒక జట్టు రాసింది. ఆ విషయాన్ని నేను అంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

వేదిక చేసే మూల్యాంకనంతో నాకు గట్టి విభేదం ఇక్కడే వచ్చింది. ప్రతి పాఠానికీ రూబెన్ ప్వెంటెడూరా ప్రతిపాదించిన సామర్ నమూనా ప్రకారం స్థాయి కేటాయిస్తారు. పాత పనిని కొత్త సాధనంతో యథాతథంగా చేస్తే మొదటి స్థాయి, సాధనం వల్ల కొంత మెరుగైతే రెండోది, పని రూపమే చెప్పుకోదగ్గంతగా మారితే మూడోది, సాంకేతికత లేకుండా ఊహించలేని పని అయితే నాలుగోది. మాట్లాడుకోవడానికి పనికొచ్చే విభజనే ఇది. దాన్ని మార్కుల నిచ్చెనగా మార్చి, పై మెట్టుకు ఎక్కువ పాయింట్లు ఇవ్వడం వల్ల పాఠం దారి తప్పుతుంది. నా లోలకం పాఠానికి రెండో స్థాయి వచ్చింది. మా జట్టులోని ఒక ఉపాధ్యాయుడు పిల్లల చేత యానిమేషన్ వీడియో చేయించినందుకు నాలుగో స్థాయి వచ్చింది. మూడు పీరియడ్లలో ఎక్కువ భాగం రంగులు, సంగీతం ఎంచుకోవడానికే పోయిందని, భావన మీద చర్చ జరగలేదని ఆయనే మాతో నిజాయితీగా చెప్పారు. ఆ పాయింట్ల ప్రభావం మరుసటి వారం మా అందరి ప్రణాళికల్లోనూ కనిపించింది. అవసరం ఉన్నా లేకున్నా అందరం వీడియోల వైపు మొగ్గాం.

దీనికంటే పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో వివరించిన టీపాక్ చట్రం ఉపాధ్యాయుడికి ఎక్కువ దారి చూపుతుంది. విషయ జ్ఞానం వేరు, దాన్ని పిల్లలకు అందేలా చెప్పే జ్ఞానం వేరు అని చెబుతూ ఆ రెండూ కలిసే చోటును లీ షుల్మన్ 1986లో గుర్తించగా, మిశ్రా, కోలర్ మూడో వలయంగా సాంకేతిక జ్ఞానాన్ని చేర్చి, మూడూ కలిసే చోట ఉపాధ్యాయుడి అసలు నేర్పు ఉంటుందన్నారు. స్కాటర్ చార్ట్ ఏ మెనూలో ఉందో తెలియడం ఒక ఎత్తు, పొడవుకూ కాలానికీ ఉన్న సంబంధం సరళరేఖ కాదని తెలియడం ఇంకో ఎత్తు, పెరిగే అంకెలు కనబడగానే పిల్లలు అనులోమానుపాతమని తేల్చేస్తారని తెలియడం మరో ఎత్తు. ఈ మూడూ కలిసినప్పుడే లైన్ చార్ట్ ఉచ్చు ముందుగా కనిపిస్తుంది. శిక్షణలో ఈ చట్రానికి నాలుగు నిమిషాల వీడియో కేటాయించి ఊరుకున్నారు. దీనికి ఒక వారం మొత్తం ఇవ్వవలసింది.

లక్ష్యంలో అంకె ఎప్పుడు పెట్టాలన్న విషయంలో మెంటర్ ఇచ్చిన సలహా కూడా చెప్పుకోవాలి. ఫారంలోని రెండో గడి శాతం రాయనిదే ముందుకు వెళ్లనివ్వదు. నేను 90 శాతం అని రాశాను, ఆ అంకెకు ఆధారమేమీ లేదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ లక్ష్యాల మీద దశాబ్దాలుగా చేసిన పరిశోధన, "చేతనైనంత బాగా చేయండి" అన్నదానికంటే నిర్దిష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం మంచి ఫలితమిస్తుందని చెబుతుంది. పని క్లిష్టమైనదై, దానికి కావలసిన నైపుణ్యం ఇంకా అలవడనప్పుడు మాత్రం, ఫలితపు అంకె కంటే నేర్చుకోవడమే లక్ష్యంగా పెట్టుకోవడం మేలని కూడా అదే పరంపరలోని అధ్యయనాలు చూపాయి. దీని ప్రకారం ఆరో వారం దాకా అంకెను పక్కన పెట్టి, "గ్రాఫ్ ఎంపికలో పిల్లలు తప్పటడుగు వేసే మూడు చోట్లను కనిపెడతాను" అని రాసుకోమన్నారు ఆమె. ఆ మూడు చోట్లు దొరికాకే శాతం గురించి మాట్లాడుకున్నాం. చిక్కేమిటంటే, మధ్యలో లక్ష్యం మార్చుకుంటే వేదికలో ప్రగతి సూచిక సున్నాకు పడిపోతుంది. లక్ష్యాన్ని సవరించుకోవడం ఈ శిక్షణ నేర్పే ముఖ్యమైన పని. ఆ పని చేసినవారికే వేదిక వెనకబడ్డారని చూపిస్తుంది. మెంటర్, నేను చివరికి వేరే డాక్యుమెంట్‌లో లెక్క పెట్టుకోవలసి వచ్చింది.

తోటివారి పాఠాలు చూడడం నేను ఊహించనంత మేలు చేసింది. మా జట్టులోని భాషా ఉపాధ్యాయురాలి లక్ష్యం, పిల్లలు షేర్డ్ డాక్యుమెంట్‌లో ఒకరి రచనపై ఒకరు వ్యాఖ్యలు రాయడం. నేను చూసిన మొదటి పాఠంలో వచ్చిన వ్యాఖ్యలన్నీ ఇంచుమించు "బాగుంది", "చాలా బాగా రాశావు" అన్నవే. కర్త పిల్లలే, క్రియ కూడా కంటికి కనిపించేదే, అయినా రచన ఒక్క అక్షరం మారలేదు. ఆమె లక్ష్యాన్ని బిగించారు: ఒక వాక్యాన్ని ఎత్తి చూపి ప్రశ్న అడగాలి, రాసినవారు ఆ ప్రశ్న చదివి వాక్యాన్ని మార్చాలి. "ఆ రోజు చాలా భయమేసింది" అన్న వాక్యం పక్కన ఒక పిల్లవాడు "ఏం చూశావు?" అని రాశాడు. డాక్యుమెంట్ మార్పుల చరిత్ర తెరిచి చూస్తే ఆ వాక్యం "తలుపు దానంతటదే తెరుచుకోవడం చూసి మెట్ల మీదే ఆగిపోయాను" అని మారింది. మార్పుల చరిత్రను పిల్లల ఎదుగుదలకు సాక్ష్యంగా వాడవచ్చని నాకు తెలిసింది ఆ రోజే. మా జట్టులోని ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు మాత్రం నాలుగో తరగతి పిల్లలు వెబ్ పేజీని ఎవరు, ఎప్పుడు రాశారో వెతికి చెప్పడం అన్న ఒకే చిన్న లక్ష్యంతో 12 వారాలూ గడిపారు, దాన్ని పూర్తిగా సాధించారు.

లోపాల్లో అన్నిటికంటే తీవ్రమైనది పిల్లల సమాచారానికి సంబంధించినది. పోర్ట్‌ఫోలియోకు పిల్లల పని తాలూకు చిత్రాలు, తరగతి వీడియోలు ఎక్కించాలి. పిల్లల ముఖాలు, ఫైళ్ల మీద పేర్లు అందులో ఉంటాయి. ఫారంలో "అవసరమైన అనుమతులు తీసుకున్నాను" అన్న ఒక్క టిక్కు గడి తప్ప, ఆ ఫైళ్లు ఎక్కడ ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరెవరు చూస్తారు అన్న సంగతి ఎక్కడా లేదు. రాసి అడిగితే తొమ్మిది రోజుల తరవాత జవాబు వచ్చింది, అందులోనూ నా మూడు ప్రశ్నలకు సమాధానం లేదు. డిజిటల్ వనరులను భద్రంగా నిర్వహించి పంచుకోవడం డిజ్‌కాంప్‌ఎడ్యులోనే ఒక సామర్థ్యం. ఆ చట్రం మీద నిలబడ్డ శిక్షణ ఈ విషయంలో ఉపాధ్యాయులకు ఆదర్శంగా ఉండాలి. నేను పేర్ల స్థానంలో జట్ల సంఖ్యలు వేసి, వీడియోలు మానేసి, చేతులు, తెర మాత్రమే కనిపించే ఫొటోలు పంపాను. చేరేవారందరూ ఇలాగే చేయాలని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో లోపం, నమూనా పాఠాలన్నీ పిల్లవాడికొక కంప్యూటర్ ఉంటుందన్న ఊహ మీద నడుస్తాయి. నా తరగతిలో 38 మందికి 8 కంప్యూటర్లు. ఒకరు కొట్టడం, ఒకరు విలువ చదవడం, ఒకరు కాగితం మీద సరిచూడడం, మిగతావారు కొలవడం అని పనులు పంచి, ప్రతి పొడవుకూ స్థానాలు మార్పించాను. సగటు దగ్గరి తేడా బయటపడింది కాగితం మీద సరిచూసే పాత్ర ఉండబట్టే. కొన్ని వీడియో పాఠాలకు తెర మీద అక్షరాలు కూడా లేవు. వినికిడి ఇబ్బంది ఉన్న ఉపాధ్యాయులకు అవి అందవు.

పదకొండో వారంలో పిల్లలకు విడివిడిగా, అంతకుముందు చూడని విలువల పట్టిక ఇచ్చాను. అందులో ఒక గడిలో అక్షరాలు కలిపాను, ఒక విలువను దూరంగా పెట్టాను. 38 మందిలో 31 మంది అక్షరాల గడిని పట్టుకున్నారు. తగిన గ్రాఫ్ ఎంచుకుని కారణం సరిగా రాసినవారు 24 మంది. ఆరో వారం తరవాత మేం నిర్ణయించుకున్న అంకె 75 శాతం. మొదటి దానిలో దాన్ని దాటాం, రెండో దానిలో చేరలేదు. పోర్ట్‌ఫోలియోలో ఉన్నదున్నట్టు రాశాను. వేదిక నా లక్ష్యాన్ని "పాక్షికం"గా గుర్తించి బ్యాడ్జీ ఇవ్వలేదు. మెంటర్ మాత్రం గ్రాఫ్ దగ్గర తప్పిన మిగతా 14 మంది రాసిన జవాబులను నాతో కలిసి ఒక్కొక్కటిగా చదివారు. వారిలో 9 మంది సరైన గ్రాఫే ఎంచుకున్నారు, కారణం రాయలేకపోయారు.

చేరదలచినవారు సంస్థను ముందుగా నాలుగు విషయాలు అడగాలి. మెంటర్‌తో ముఖాముఖి సంభాషణలు ఎన్ని ఉంటాయి, ఆ మెంటర్ తరగతిలో బోధించినవారేనా, లక్ష్యాన్ని మధ్యలో మార్చుకునే వీలుందా, పిల్లల పనిని ఎక్కడ ఎంతకాలం దాస్తారు. మెంటర్ సంభాషణలు లేకుండా వీడియోలు మాత్రమే ఉన్న చౌక రకం కూడా ఇదే వేదికలో ఉంది. దాన్ని నేను సూచించను. ఆ వీడియోల్లోని సమాచారం పైన చెప్పిన ఉచిత చట్రాల్లో ఇంకా వివరంగా దొరుకుతుంది. సంస్థతో పనిలేకుండా ఇద్దరు సహోద్యోగులు కలిసి కూడా ఇందులో చాలా భాగం చేసుకోవచ్చు. ఒకరి లక్ష్య వాక్యంలో కర్తను, క్రియను ఇంకొకరు గీత గీసి చూపించి, నెలకు రెండుసార్లు ఒకరి తరగతిలో ఒకరు వెనక బల్ల మీద కూర్చుంటే సరిపోతుంది.

వచ్చే అర్ధ సంవత్సరానికి నా లక్ష్యం ఆ 9 మంది జవాబుల నుంచే తీసుకున్నాను: "పిల్లలు తాము ఎంచుకున్న గ్రాఫ్‌నూ, ఎంచుకోని గ్రాఫ్‌నూ పక్కపక్కన పెట్టి, రెండో దానిలో ఏ సమాచారం పోయిందో పక్క జట్టుకు నోటితో చెప్పి, ఆ తరవాత రాస్తారు." శాతం గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలాను.